విశాఖవాసులకు స్టోల్ ఒక్కటి చాలు

కాశ్మీరీ ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మఫ్లర్, స్టోల్ (భుజాల మీద కప్పుకునే వెడల్పాటి కండువా) అన్నీ డబ్బు పెట్టి కొనదగినవేనని ఒక వ్యాసంలో చదివిన అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించలేను. అరకుకో లంబసింగికో వెళ్ళినప్పుడు తప్ప విశాఖలో మనకు చెప్పుకోదగిన చలి ఉండదు కనుక, టోపీ, తొడుగులు బీరువాకే పరిమితమవుతాయి. పెళ్ళిళ్ళలో పట్టుచీర మీదకూ, ఏసీ రైలు ప్రయాణానికీ పనికివచ్చే స్టోల్ మీదే ఆ సొమ్ము వెచ్చించడం మేలు.

ఎగ్జిబిషన్లలో శాలువా అసలైన పష్మీనా ఉన్నిదని నిరూపించేందుకు దాన్ని ఉంగరంలోంచి దూర్చి చూపే పరీక్షను నమ్మరాదు, ఎందుకంటే పలుచని విస్కోస్ అనే కృత్రిమ దారపు బట్ట కూడా అలాగే దూరుతుంది. పష్మీనా ఉన్నినిచ్చే లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ ప్రాంతపు మేకల ఉన్ని పోగు సుమారు 12 నుంచి 16 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం మాత్రమే ఉంటుంది. 2008లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న చట్టబద్ధ గుర్తింపు) పొందిన కాశ్మీర్ పష్మీనాను చేతితో వడికి, చేమగ్గంపైనే నేయాలి, శ్రీనగర్‌లో పరీక్షించాకే దానికి గుర్తింపు చీటీ అతికిస్తారు. ఆ చీటీ అడిగితే మాట మార్చే వర్తకుడితో బేరం అనవసరం.

మన సముద్రపు తేమలో దాచడం మరో సమస్య. ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరవేయాలి. హ్యాంగరుకు వేలాడదీస్తే సాగిపోతుంది.