ముప్పు అంచనా గారికి, సవినయంగా

గౌరవనీయులైన ముప్పు అంచనా గారికి,

నమస్కారం. నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి అయిదున్నర దాకా ఒక సభలో నేను మీ సన్నిధిలోనే ఉన్నాను. మీరు గమనించి ఉండరు, ఎదుటి దేశం నుంచి ఎంత ప్రమాదమో లెక్కగట్టే మీ చూపు ఎప్పుడూ సరిహద్దుకు అవతలే కదా. మారుతున్న ప్రపంచంలో ప్రత్యర్థి మనసు ఎలా పనిచేస్తుందో చెబుతామని ఆహ్వానంలో రాశారు. చివరి అరగంట ప్రశ్నలకే అని కూడా రాశారు. ఆ రెండో మాట నమ్మే వచ్చాను.

వక్త తెర మీద పటం వేసి, అవతలి దేశం నుంచి ఎర్ర బాణాలు గీస్తూ పోయారు. చేసేదేమీ లేక లెక్కపెట్టాను, పద్నాలుగు. ఇవతలి నుంచి బాణమన్నదే లేదు. ఇవతల ఉన్నవన్నీ నీలం గొడుగులట. అవతలివాడు ఓడ కడితే దురాక్రమణ, ఇవతలివాడు కడితే ముందుజాగ్రత్త. అవతలివాడు రోడ్డు వేస్తే వందేళ్ల పన్నాగం, ఇవతలివాడు వేస్తే రోడ్డు. మూడున్నర గంటల తర్వాత నేను చెయ్యెత్తితే, సమయం మించిపోయిందని తెర ఆపేశారు. నా ప్రశ్న చిన్నదే: "అవతలి రాజధానిలో ఈ పూట ఇలాంటి గదే ఉంటే, అక్కడి పటంలో బాణాలు ఎటు నుంచి ఎటు ఉంటాయి?"

మీకు జవాబు తెలుసు. 1946 నుంచీ తెలుసు. ఆ ఫిబ్రవరిలో మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ వాషింగ్టన్‌కు పొడవాటి టెలిగ్రాం పంపారు. సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికోవ్ అలాంటిదే మాస్కోకు పంపారు. అవతలివాడిది తీరని విస్తరణ దాహం, ఇవతలివాడిది ఆత్మరక్షణ: రెండు టెలిగ్రాంల సారమూ ఇదే. తాడును చూసి పామనుకోవడం మన వేదాంతులు చెప్పిన పాత ఉదాహరణ. దానికి మీరు పెట్టిన మెరుగు ఏమిటంటే, మీ దగ్గర తాడు కూడా మనిషిని చూసి పామనుకుంటుంది.

పాత సంగతులు తవ్వుతున్నానని నొచ్చుకోకండి. 1955లో మాస్కో దగ్గరి తుషినో ప్రదర్శనలో కొత్త బాంబర్లు ఆకాశంలో కనిపించాయి. వెళ్లినవే చుట్టు తిరిగి మళ్లీ వచ్చాయి. అవి వచ్చినప్పుడల్లా మీరు కొత్తగా లెక్కవేసుకున్నారు. అమెరికా కట్టిన బీ-52 బాంబర్ల సంఖ్య 744కు చేరడంలో ఆ కంగారుకూ వాటా ఉంది. తర్వాత క్షిపణుల వంతు. తమ కర్మాగారాల్లో అవి సాసేజిల్లా తయారవుతున్నాయని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ గొప్పలు చెప్పారు. సోవియట్ వాళ్లు ముందున్నారంటూ కెన్నెడీ 1960 ఎన్నికల ప్రచారం చేశారు. 1961 సెప్టెంబరుకల్లా, ఉపగ్రహ చిత్రాలు చూశాక, అవతల ఉన్న ఖండాంతర క్షిపణుల ప్రయోగ స్థానాలు పది నుంచి పాతిక మాత్రమేనని మీరే రాశారు. చిత్రమేమిటంటే, భయపెట్టాలనుకున్నవాడికీ భయపడినవాడికీ మీరు ఏకకాలంలో కొలువు చేశారు. 1976లో అయితే మరీ ముదిరారు: సోవియట్‌ల దగ్గర ఫలానా జలాంతర్గామి నిరోధక పరిజ్ఞానం ఉన్నట్టు ఆధారం దొరకకపోతే, ఆధారం లేకపోవడమే అనుమానించదగ్గ విషయమన్నారు. దొంగ దొరకలేదు కాబట్టి ఆరితేరిన దొంగే అన్నమాట.

ఇవన్నీ క్షమించవచ్చు. 1981 నాటి వ్యవహారం మాత్రం నాకు మింగుడుపడదు.

ఆ ఏడాది సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ అధిపతి అంద్రోపోవ్ 'ర్యాన్' అనే కార్యక్రమం మొదలుపెట్టించారు. పడమటి దేశాలు అణుదాడికి సిద్ధపడుతున్న ఛాయలు ముందే పసిగట్టాలి. లండన్‌లోని గూఢచారులకు ఏమేమి చూడాలో జాబితా వచ్చింది. రాత్రిపూట ప్రభుత్వ భవనాల్లో ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి? కార్యాలయాల ముందు ఎన్ని కార్లు నిలిచాయి? రక్తదాతలకు ఇచ్చే ధర పెరిగిందా? బ్రిటన్‌లో రక్తం ఇచ్చినందుకు డబ్బే ఇవ్వరన్న సంగతి జాబితా రాసినవాళ్లకు తెలియదు! చూసి రమ్మన్నారు కాబట్టి వెళ్లి చూశారు. లండన్‌లో ఉన్నవాళ్లకు దాడి వస్తుందన్న నమ్మకం లేదు. అయినా, అడిగారు కాబట్టి కనిపించినవి రాసి పంపారు. పంపినవి చూసి మాస్కో మరింత భయపడింది. మరింత భయపడి మరిన్ని అడిగింది. ఆ దీపాలు గదులు ఊడ్చేవాళ్లు వెలిగించినవి కావచ్చని ఒక్కడైనా రాశాడా? రాస్తే ఉద్యోగం ఉంటుందా?

అసలు నీకు సిగ్గుందా? నువ్వే ప్రశ్న వేస్తావు, నీకు భయపడి జవాబిస్తారు, ఆ జవాబు చూసి నువ్వే భయపడతావు. అద్దంలో తన నీడను చూసి మొరిగే కుక్క కూడా కాసేపటికి అలిసిపోయి పడుకుంటుంది. నీకు ఆ అలుపు కూడా రాదు. 1983 నవంబరులో పడమటి దేశాల సైనిక కూటమి నాటో తన 'ఏబుల్ ఆర్చర్' అణుయుద్ధ విన్యాసం చేసుకుంటుంటే, అది నాటకమో నిజమోనని అవతల గుండెలు దడదడలాడాయి. ఆ దడ సంగతి ఇవతల అప్పటికి సరిగా తెలియనే తెలియదు. అవతలివాడు దాడి చేస్తాడేమోనని వేయి పుటలు రాస్తావు. అవతలివాడు మనల్ని చూసి భయపడుతున్నాడేమోనని ఒక్క పుట రాయడానికి చెయ్యి రాదా?

మన్నించాలి. మీరు అన్నవాణ్ణి నువ్వు అనేశాను.

ఇప్పటి సంగతికొస్తే, మీ సమర్థతను కాదనలేను. బీజింగ్‌లో 'తూర్పు లేస్తోంది, పడమర దిగుతోంది' అన్న మాట నడుస్తుంటే, వాషింగ్టన్‌లో చైనా శిఖరం దాటేసిందన్న వాదన నడుస్తోంది. ఇద్దరూ ఎదుటివాడు కూలిపోతున్నాడంటారు, అదే నోటితో ఎదుటివాడు ప్రపంచాన్ని మింగేస్తున్నాడనీ అంటారు. రెండూ ఒకే నివేదికలో ఇమిడ్చే నేర్పు మీకు తప్ప ఎవరికుంది? 2023 ఫిబ్రవరిలో అమెరికా కూల్చిన ఆ చైనా బెలూన్ ఒకరికి దారితప్పిన వాతావరణ పరికరం, ఇంకొకరికి గూఢచారి కన్ను. వాషింగ్టన్‌కూ మాస్కోకూ మధ్య వేసిన హాట్‌లైన్ సంగతి ఎత్తను. 1963లో అది ఎర్ర ఫోను కాదు, టెలిప్రింటరు. అయినా సినిమాల్లో ఎర్ర ఫోనే మోగుతుంది.

మీలో నాకు నచ్చిన పుట ఒకటుంది. 1983 సెప్టెంబరు 26న అర్ధరాత్రి దాటిన కాసేపటికి మాస్కోకు దక్షిణాన ఉన్న ఒక హెచ్చరిక కేంద్రంలో సైరన్ మోగింది. అమెరికా నుంచి క్షిపణులు బయలుదేరాయని, మొత్తం అయిదని, ఉపగ్రహం చెప్పింది. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదింటితో మొదలుపెడతాడా అని విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ తనను తాను ప్రశ్నించుకున్నారు. తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పారు. మేఘాల మీద పడిన ఎండను ఉపగ్రహం మంటలనుకుందట. తర్వాత విచారణ వచ్చింది, ఆ రాత్రి విధుల నమోదు పుస్తకం ఎందుకు పూరించలేదని అక్షింతలు పడ్డాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మైకు, మూడో చెయ్యి లేదన్నారాయన.

ఆ రాయని పుటనే అంటున్నాను.

వచ్చే వారం ఇదే విషయం మీద మరో సభ ఉందని నిన్న వెళ్లబోతుంటే చేతిలో కాగితం పెట్టారు. ఈసారి ప్రశ్నలకు నలభై అయిదు నిమిషాలట. వస్తాను, ముందు వరుసలోనే కూర్చుంటాను.

ఇట్లు,
పద్నాలుగు బాణాలు లెక్కపెట్టినవాడు