ఓడెక్కిన పిల్లలు చెడిపోతున్నారు

సమాజం గురించి ఆందోళన పడడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు. ఇంజన్లు కనిపెట్టి ఇంతకాలమైనా కొన్ని దేశాలు శిక్షణ పేరుతో పిల్లల్ని తెరచాప ఓడలెక్కించి నడిసముద్రంలోకి తోలుతున్నాయి. ఇదేమీ చాటుమాటుగా సాగే వ్యవహారం కాదు. 1956లో ఇంగ్లండులోని టోర్బే నుంచి పోర్చుగల్‌లోని లిస్బన్ దాకా ఇలాంటి ఓడలకు పందెం పెట్టారు. ఆ పందేలు ఇప్పటికీ జరుగుతున్నాయి. సిబ్బందిలో కనీసం సగం మంది 15 నుంచి 25 ఏళ్ల మధ్య వాళ్లుండాలని నియమం కూడా ఉంది. పెద్దలకు తెలియకుండా పిల్లలు ఎక్కేస్తున్నారేమో అనుకుందామన్నా వీల్లేదు. పిల్లలు లేకపోతే ఓడనే రానివ్వరు!

భారత నౌకాదళం కూడా దీనికి అతీతం కాదు. 1997లో మూడు తెరచాప స్తంభాల ఐఎన్ఎస్ తరంగిణి అనే ఓడని ఇందుకోసమే చేర్చుకుంది. 2003-04లో ఆ ఓడ ప్రపంచమంతా చుట్టొచ్చింది కూడా.

అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ల ఈగిల్ సంగతి మరీ ఘోరం. 1936లో జర్మనీలో కట్టిన ఆ తెరచాప ఓడ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వీళ్ల చేతికొచ్చింది. దాన్ని నడిపే మోకులు 200కు పైనే. ప్రతి మోకుకీ ఒక పేరు, ఒక పని, ఒక చోటు. టీవీ రిమోట్ ఎక్కడుందో చెప్పలేని వయసులో ఆ పిల్లలు ఇవన్నీ కంఠస్థం చెయ్యాలి. ఊరికే అప్పజెప్తే సరిపోదు, చీకట్లో, వానలో, ఓడ ఊగుతుండగా చేత్తో తడిమి పట్టుకోవాలి. ఒకటి వదలబోయి ఇంకోటి వదిలితే తెరచాప వేలాడే అడ్డవాసం పైనుంచి కిందికి జారొచ్చు. మనలాంటి వాళ్లం తప్పు తాడు వదిలి ఎన్నేళ్లు హాయిగా ఉద్యోగాలు చెయ్యలేదు? మన నెత్తిన ఏ వాసమైనా పడిందా?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. స్తంభం ఎక్కితే పడిపోతారనీ, వాంతులవుతాయనీ తల్లిదండ్రులు భయపడతారు. అవి చిన్న విషయాలు. పైకెక్కేవాళ్లకు నడుముకు బెల్టు ఉంటుంది. వాంతి వస్తే గాలి పోయే వైపు వంగాలని మొదటి రోజే తెలుస్తుంది. తెలియనివాళ్లకు గాలే మరుక్షణం నేర్పుతుంది. ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకు అని పాత నావికుల సూత్రం ఒకటుంది. మరి ఫోనుకు ఏ చెయ్యి? ఈ ప్రశ్నకు నావికా శాస్త్రం ఇంతవరకూ జవాబు చెప్పలేదు. సరే, దాన్నీ క్షమిద్దాం. క్షమించరానిది ఏమిటంటే, ఆ ఓడ మీద సాకులు చెల్లవు.

చుక్కాని పట్టినవాడికి ఎటు తిప్పాలో చెప్తే, విన్న మాటను వాడు మళ్లీ గట్టిగా పలకాలి. అంటే 'నాకు వినపడలేదు', 'నాకెవరూ చెప్పలేదు' అనే రెండు మహావాక్యాలూ అక్కడ చచ్చిపోయినట్టే. మన ఆఫీసులన్నీ నిలబడింది ఈ రెండింటి మీదే కదా! రాత్రి పన్నెండింటికి కాపలా మారాలంటే పన్నెండింటికి ముందే వెళ్లి నిలబడాలి. దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే, నాలుగు గంటలు చలిలో తడిసినవాడు అక్కడే ఎదురు చూస్తుంటాడు. వాడితోనే పొద్దున్న కలిసి తినాలి. 'ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య' అన్న మన లోకజ్ఞానాన్ని అమలు చేద్దామన్నా, ఆ మల్లయ్య పక్క మంచం మీదే పడుకుంటాడాయె.

పోనీ గాలితోనైనా మాట్లాడుకోవచ్చా? అడ్డవాసాలకు తెరచాపలు కట్టిన ఓడ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. సుమారు 60 డిగ్రీలు పక్కకు తిరిగి, కాసేపు అటూ కాసేపు ఇటూ వంకరటింకరగా ప్రయాణించాలి. ఎదురుగా కనిపిస్తున్న చోటికి పూటంతా పట్టొచ్చు. గాలికి సిఫార్సు చెయ్యగల మావయ్య ఎవరికీ ఉండడు. ఇలాంటి చోట పెరిగిన పిల్లలు రేపు మన మధ్య ఎలా బతుకుతారు?

ఇది ఊహ కాదు. మా అన్నయ్య కొడుకు రెండు వారాలు ఇలాంటి ఓడ మీద ఉండి వచ్చాడు. వచ్చిన మర్నాడు వంటింట్లో గాజు గ్లాసు భళ్లుమంది. ఇలాంటప్పుడు పిల్లి మీద పెట్టడం మా ఇంటి ఆచారం. పిల్లి అప్పటికే తలొంచుకుని సిద్ధంగా ఉంది. వీడు చీపురుతో వచ్చి, "నేనే పగలగొట్టాను బాబాయ్, నువ్విటు రాకు, కాళ్లకు గుచ్చుకుంటుంది" అన్నాడు. ఎవరూ అడగలేదు! మా అన్నయ్య ముఖం పాలిపోయింది. డాక్టరుకు చూపిద్దామా అని వదిన మెల్లిగా అడిగింది.

ఆ రాత్రి నా ఫోను ఛార్జరు వైరును గడియారం ముల్లు తిరిగే వైపు గుండ్రంగా చుట్టి, గోడ మేకుకు తగిలించాడు. మోకుల్ని అలాగే చుడతారట. మూడు రోజులుగా ఛార్జరు అడిగిన వెంటనే దొరుకుతోంది. నాకు నిద్ర పట్టడం లేదు.