మధ్యాహ్నం పూట పడవలు కట్టేయండి

ఈ మాట కొంతమందికి నచ్చదు. అయినా చెప్పి తీరాలి. మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ చెరువులోనూ, ఏ రిజర్వాయరులోనూ, ఏ బీచ్‌లోనూ జనాన్ని షికారుకు పడవ ఎక్కించకూడదు. 'ఎండగా ఉంది, జాగ్రత్త' అని బోర్డు పెడితే చాలదు. టికెట్ కౌంటరే మూసేయాలి.

జనం ఎందుకు వెళ్తారో నాకు తెలుసు. పిలకాయలకు సెలవులు, ఇంట్లో ఉక్కపోత, ఊరి నుంచి చుట్టాలొచ్చి ఉంటారు. నీళ్ల మీదకెళ్తే చల్లగా ఉంటుంది కదా అని అన్నాలు తిని బయల్దేరతారు. ఎండ నడినెత్తిన ఉన్న టైముకు సరిగ్గా రేవు దగ్గరుంటారు.

నీళ్ల మీద చల్లగా ఉండదండీ. బయట 42 డిగ్రీలుంటే పడవ కదిలేటప్పుడు మొహానికి కొట్టే గాలి కూడా దాదాపు అంత వేడిగానే ఉంటుంది. మన చర్మం వేడి 35 డిగ్రీల చుట్టుపక్కల. అంతకంటే వేడిగాలి తగులుతుంటే ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే. పడవలో ఆ చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటాం. ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. పైన ఎండ, కింద నీళ్ల మీద నుంచి కళ్లలోకి కొట్టే తళుకు, చుట్టూ ఎక్కడా నీడ లేదు. గట్టు మీద కళ్లు తిరిగితే చెట్టు కింద కూలబడొచ్చు. నడినీళ్లలో కళ్లు తిరిగిన మనిషి ఎటు ఒరుగుతాడు?

సముద్రం పక్కన ఇంకో రకం. మైపాడు, కొత్తపట్నం వైపు ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున అది సాయంత్రం దాకా రాదు. అలాంటి రోజే వడగాడ్పు కొడుతుంది. గాలి తిరిగాక కూడా తేమ వల్ల చెమట ఆరదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, లైఫ్ జాకెట్ ఒక ఎత్తు. నాకు అసలు భయం దానితోనే. మొన్న ఒక రిజర్వాయరు దగ్గర చూశాను, పేరు చెప్పను. ఆరంజి జాకెట్లు ఎండలో ఇనుప కమ్మీ మీద వేలాడదీసి ఉన్నాయి. అంతకుముందు వేసుకున్నవాళ్ల చెమట ఆరి మెడ దగ్గర తెల్లగా ఉప్పు చారలు. లోపల మందంగా ఫోము, మెడ చుట్టూ ఒరుసుకునే కాలరు. ఏడెనిమిదేళ్ల పాపకు వాళ్లమ్మ అది తొడిగి బకిల్ పెట్టింది. గట్టు దాటీ దాటకముందే ఆ పిల్ల ఏడుపు, తీసెయ్యమని. తీసేశారు. పిల్లకు తీసేశాక పెద్దవాళ్లూ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. బోటు నడిపే అబ్బాయి చూశాడు గానీ ఏమీ అనలేదు. వాడి జాకెట్ సీటు కిందే పడి ఉంది.

నేను ఆ తల్లిని తప్పు పట్టను. ఆ ఎండలో ఆ ఫోము కట్టుకుని పావుగంట కూర్చోవడం పెద్దవాళ్ల వల్లే కాదు. అందుకే అంటున్నాను, జాకెట్ వేసుకుని ఉండలేని టైములో పడవ నడపకూడదు. ఎండ వేరే, మునిగిపోవడం వేరే అనుకుంటున్నారు. జాకెట్ విప్పించేదే ఎండ.

2017 నవంబరు 12 ఒంగోలు వాళ్లు మర్చిపోలేరు. కార్తీక ఆదివారం, విజయవాడ పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లే. ఆ బోటుకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు జాకెట్లు లేవు. 2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో సరదాగా పడవెక్కిన పదిమంది కుర్రాళ్లలో ఆరుగురు తిరిగి రాలేదు. ఈ రెండూ ఎండాకాలంలో జరిగినవి కావు. చల్లటి రోజుల్లోనే అంత ఘోరం జరిగితే, రోహిణి కార్తెలో, సగం మంది నీరసంగా ఉండి, జాకెట్లు ఒళ్లో పెట్టుకున్న పడవ ఒరిగితే ఏమవుతుందో ఆలోచించండి. ఎండ కూడా ఊరికే పోనిచ్చేది కాదు. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి.

ఎండాకాలంలో రిజర్వాయర్లలో నీళ్లు దిగిపోతాయి, అదీ గుర్తుపెట్టుకోవాలి. మొన్నటిదాకా లోతున్న చోట రాళ్లు, మొద్దులు పైకి తేలతాయి. రేవు నుంచి పడవ దాకా కాలిపోయే రాళ్ల మీద నడవాలి. ముసలివాళ్లు పడవెక్కే లోపే సగం అలిసిపోతారు.

ఇక బోటు నడిపే అబ్బాయి సంగతి. మనం అరగంట తిరిగి దిగి సోడా తాగుతాం. వాడు మళ్లీ ఇంకో పడవ జనాన్ని ఎక్కించుకుంటాడు. ఇంజను పక్కన, నెత్తిన తడి తువ్వాలు, పట్టుకునే రాడ్డు కాలుతుంటే దాని మీద గుప్పెడు నీళ్లు చల్లుకుంటూ సాయంత్రం దాకా అదే పని. వాడికి వడదెబ్బ తగిలితే పడవలో ఉన్నవాళ్లందరి గతేంటి? ఈ గొడవలో వాడి పేరెత్తేవాళ్లే లేరు.

'మూసేస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టు కదా' అని అడుగుతారు. న్యాయమైన మాటే. మూసేది ఐదు గంటలే. మే నెలలో ఆరు కాకముందే తెల్లారుతుంది, ఆరున్నర దాకా వెలుతురుంటుంది. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి వెలుతురు పోయేదాకా నడపండి. మధ్యాహ్నం ఆపినందుకు ఆ అబ్బాయిల కూలి కోయకండి. సాయంత్రం పూట పడమర మబ్బు కమ్మితే మాత్రం వెంటనే ఒడ్డుకు రావాలి. వేసవి ఈదురుగాలి చెప్పి రాదు, పిడుగులూ దాంతోపాటే వస్తాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పు హెచ్చరికలు ఇస్తూనే ఉంది. మీ మండలం పేరు అందులో ఉంటే ఆ రోజు పొద్దున షికారుతో సరిపెట్టండి. రేవు దగ్గర నీడకు ఓ పందిరి, తాగడానికి కుండలో నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు నీరసం కాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. రెండే అడుగుతున్నా: మే నెలంతా పదకొండు నుంచి నాలుగు దాకా బోటింగ్ బంద్, ఆ గంటలకూ సిబ్బందికి జీతం. సంతకం పెట్టేవాళ్లు కామెంట్‌లో ఊరి పేరు రాయండి, కాగితం నేనే తీసుకొస్తాను. ఒంగోలు వాళ్లు ఇదే అర్జీ అక్కడ ఇస్తామంటే కాపీ పంపిస్తాను.