కాలనీ ఆదాయం రెట్టింపైన రోజు

ఊరి శివారున ఇరవై ఇళ్ల కాలనీ. "మన కాలనీ మునుపటిలా లేదండీ" అని ప్రతివాళ్లూ అంటారు, ఎంత మారిందో లెక్క చూసినవాళ్లు మాత్రం లేరు. ఆ పని సంఘం కార్యదర్శి నెత్తికెత్తుకున్నారు. పదేళ్ల కిందటి రిజిస్టరు దులిపితే ఇంటికి సగటు నెలాదాయం 40 వేలు అని ఉంది. కొత్త సర్వేలో 80 వేలు తేలింది. "రెట్టింపయ్యాం!" అని ఆయన మీటింగులో ప్రకటించారు. చప్పట్లు ఆగకముందే కోశాధికారి మెయింటెనెన్సు కూడా రెట్టింపు చేయాలని తీర్మానం రాసేశారు.

లెక్కలో కూడిక తప్పేమీ లేదు. 19 ఇళ్లు సుమారు 40 వేల దగ్గరే ఉన్నాయి. మూలమీది ఇల్లు కొన్న కొత్తాయన ఆదాయం 8 లక్షల 40 వేలు. అన్నీ కలిపితే 16 లక్షలు, ఇరవైతో భాగిస్తే 80 వేలు. చిక్కల్లా ఏమిటంటే, 80 వేలు వచ్చే ఇల్లు కాలనీ అంతా గాలించినా ఒక్కటి కూడా దొరకదు. ఇలాంటప్పుడు చూడాల్సింది మధ్యగతం. ఆదాయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి, 10వ, 11వ అంకెలను కలిపి సగం చేయాలి. అది అప్పుడూ 40 వేలే, ఇప్పుడూ 40 వేలే. ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే, పదేళ్ల కిందటి 40 వేలతో కొన్నవి ఇవాళ కొనాలంటే 71,600 కావాలి. రెట్టింపు మాట దేవుడెరుగు, ఆ ఇళ్లకు పాత కొనుగోలు శక్తిలో సగం కంటే కాస్త ఎక్కువ మిగిలింది, అంతే.

సర్వే చేసిన తీరు ఇంకో ముచ్చట. కుర్రాళ్లు మధ్యాహ్నం 3 గంటలకు తలుపులు తట్టారు. ఆ వేళకు తలుపు తీసేది ఎవరు? రిటైరైనవాళ్లు. వాళ్లయితే మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, అడగనివి కూడా చెబుతారు. దాంతో కాలనీ సగటు వయసు 63 అని తేలింది. పార్కులో ఉయ్యాలలు తీసేసి బెంచీలు వేద్దామన్నారు. సాయంత్రం ఆరున్నరకు ఆ ఉయ్యాలల దగ్గర పిల్లలు క్యూ కట్టి కొట్టుకుంటుంటారు, అది వేరే సంగతి. ఒక్కో ఇంటికి కనీసం మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లాలి, అందులో ఒకటి సెలవురోజు కావాలి. తాళం ఉన్న ఇంటిని "తాళం" అని రాసుకోవాలి గానీ పక్కింటివాళ్లను అడిగి నింపకూడదు. ఆదాయం సూటిగా అడిగితే ఎవరైనా తగ్గించే చెబుతారు. అంకెల శ్రేణులున్న కార్డు చూపించి, ఏ గడిలో ఉన్నారో వేలు పెట్టమనడం మేలు.

ఇల్లు వేరు, కుటుంబం వేరు అన్నది కూడా వీళ్లకు తట్టలేదు. ఒకే గేటు వెనక మూడు పొయ్యిలు వెలుగుతుంటే అవి మూడు కుటుంబాలు. మేడమీది అద్దె గదిలో ముగ్గురు కుర్రాళ్ల జీతాలను కింద ఓనరు ఖాతాలో వేశారు. ఆయన ఆనందానికి హద్దుల్లేవు. ఆదాయంతో పాటు తలలు కూడా లెక్కపెట్టాలి. ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ అనే ఆర్థిక సంస్థ తన పోలికల్లో వాడే పద్ధతి ప్రకారం, ఇంటి ఆదాయాన్ని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తారు. నలుగురున్న ఇంట్లో 80 వేలు, ఒంటరి మనిషి 40 వేలు ఒకే స్థాయి అన్నమాట.

ఇక వీధి వీధికీ సగటు తీసి "రెండు వీధులూ ఎదిగాయి" అని బోర్డు పెట్టడం అసలైన తమాషా. మాటవరసకు, పై వీధిలో మూడిళ్లు ఉన్నాయనుకోండి: 60, 80, 100 వేలు, సగటు 80. కింది వీధిలో మూడు: 20, 30, 40, సగటు 30. ఆ 60 వేలాయన కింది వీధికి మారాడు. పై వీధి సగటు 90కి, కింది వీధి సగటు 37,500కి ఎగబాకాయి. ఈ మొత్తం అభివృద్ధిలో నికరంగా నాలుగు డబ్బులు చూసింది సామాన్లు మోసినవాడే.

కాలనీ మారిందనడానికి ముందు, మనుషుల ఆదాయాలు మారాయా, మనుషులే మారారా అన్నది విడదీయాలి. లండన్ పేటల్లోకి డబ్బున్నవాళ్లు వచ్చి లేనివాళ్లు కదిలిపోవడాన్ని చూసి, సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. అందుకే పదేళ్లుగా ఉన్నవాళ్లకు ఒక పట్టిక, తర్వాత వచ్చినవాళ్లకు ఇంకో పట్టిక వేయాలి.

మెయింటెనెన్సు గొడవ ముదిరాక ఎవరో ఆ రెండో పట్టిక వేయబోయి మూలమీది ఇంటి తలుపు తట్టారు. వాచ్‌మన్ తీశాడు. ఓనరు గృహప్రవేశం రోజు తప్ప ఈ ఇంట్లో పడుకున్నదే లేదట, ఉండేది వేరే ఊళ్లో. ఆదాయం ఫోన్లో చెప్పాడు. ఎవరు ఎక్కడ మామూలుగా నివసిస్తే అక్కడే లెక్క కాబట్టి 8 లక్షల 40 వేలు కొట్టేసి, వాచ్‌మన్ జీతం 12 వేలు రాశారు. కాలనీ సగటు 38,600కి దిగింది. తీర్మానం మాత్రం అప్పటికే సంతకాలతో సహా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది.