చావును అమ్మకానికి పెట్టని ఆట

రిటర్నల్ అనే వీడియో గేమ్‌కు ఈజీ మోడ్ (తేలికగా ఆడే వీలు) ఉండి తీరాలన్న వాదన 2021లో ఆ ఆట విడుదలైన నాటి నుంచీ వింటూనే ఉన్నాం. దాన్ని తయారుచేసిన ఫిన్లాండ్ సంస్థ హౌస్‌మార్క్, 2025లో తన తదుపరి ఆట సారోస్‌ను ప్రకటించినప్పుడు, అందులో చనిపోయినా కొంత బలం శాశ్వతంగా మిగులుతుందని చెప్పింది. హమ్మయ్య అనుకున్నవాళ్లు ఉంటారు. నాకు మాత్రం దిగులేసింది.

రిటర్నల్ కథ ఇదీ. వ్యోమగామి సెలీన్ నౌక ఆట్రోపోస్ గ్రహం మీద కూలుతుంది. ఆమె చనిపోతుంది, మళ్లీ ఆ కూలిన నౌక దగ్గరే లేస్తుంది. దారిలో తన శవమే తనకు ఎదురవుతుంది, పక్కనే తన గొంతుతో రికార్డయిన మాటలు. కొత్త దారులు తెరిచే కత్తి లాంటి పరికరాలు, ఈథర్ అనే అరుదైన వనరు చచ్చినా మిగులుతాయి. ఏరుకున్న తుపాకులు, ఆటలో డబ్బుగా చెల్లే ఒబొలైట్లు అన్నీ పోతాయి.

మూడో ప్రాంతంలోని ఒక గదిని తీసుకుందాం. అడ్రినలిన్ అనే బలాల మెట్ల వరుస అయిదో స్థాయిలో ఉంది. దెబ్బ తినకుండా ముగ్గురేసి శత్రువులను కూలిస్తే ఒక్కో మెట్టు ఎక్కుతుందది. ఒక్క దెబ్బ తగిలితే వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టే, నేరుగా కిందికి. ఎదురుగా డ్రోన్ల గుంపు. తుపాకీ ఖాళీ అయింది. తెర మీద కదిలే గీత సరైన చోటికి రాగానే ట్రిగ్గర్ నొక్కితే తక్షణం నిండుతుంది. నేను ఒక్క క్షణం ముందే నొక్కాను. తుపాకీ మొరాయించింది, మొదటి దెబ్బకు అడ్రినలిన్ పోయింది, కంగారులో గోడకేసి దూకాను, అంతే. గంట శ్రమ బూడిదలో పోసిన పన్నీరు. కానీ తప్పు నాదే, ఆ సంగతి నా బొటనవేలికి కూడా తెలుసు.

ఇక్కడే అసలు విషయం. ఒకప్పటి ఆటశాలల్లోని ఆర్కేడ్ యంత్రాలు మనల్ని చంపి, మరో నాణెం వేస్తేనే లేపేవి. అక్కడ కష్టమంటే గల్లాపెట్టె. రెసోగన్ (2013), నెక్స్ మెషీనా (2017) లాంటి ఆటలతో ఆ సంప్రదాయాన్ని మోసుకొచ్చిన హౌస్‌మార్క్, 2017 నవంబరులో ఆర్కేడ్ చచ్చిపోయిందని తానే ప్రకటించింది. ఆ తర్వాత చేసిన పెద్ద ఆటలో ఆర్కేడ్ కాఠిన్యాన్ని ఉంచుకుని నాణెం పెట్టే రంధ్రాన్ని పూడ్చేసింది. ఒబొలైట్లను నిజమైన డబ్బుతో కొనలేం. ఎంత ధనవంతుడైనా మొదటి ప్రాంతపు బాస్ (పెద్ద శత్రువు) ఫ్రైకీ ముందు నిలబడి, ఎర్రటి గుళ్ల వానలో తప్పుకునే డాష్ బటన్ నొక్కాల్సిందే. ఇంతకన్నా సమానత్వం ఏ ఆటలో ఉంది?

తీరిక లేనివారి సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. విడుదలైనప్పుడు మధ్యలో ఆపి దాచుకునే వీలు లేకపోవడం తప్పు, దాన్ని సమర్థించను. ఆ తప్పును 2021 అక్టోబరులో సంస్థే దిద్దుకుంది. ఈ తరహా పాత కంప్యూటర్ ఆట, 1980 నాటి రోగ్‌లోనూ ఆపి దాచుకోవచ్చు, తిరిగి తెరవగానే ఆ ఫైలు చెరిగిపోయేది. ఆపుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు. పైగా ఒకసారి ఓడించిన బాస్‌ను మళ్లీ ఓడించకుండానే ముందుకు వెళ్లొచ్చు. ఈ మాత్రం దయ చాలు.

నన్ను కలవరపెట్టేది ఈజీ మోడ్ కన్నా పెద్దది. ఫోనులోని సగం ఆటలు మనల్ని కావాలనే ఒక గోడకు కొట్టి, ఆ గోడకు తలుపు అమ్ముతాయి. గడియారం తిరుగుతుంటుంది, ఇంత కడితే ఇప్పుడే బతుకుతారు. ఆటలే కాదు, రోజూ సాధన చేయించే యాప్‌లు కూడా మధ్యలో ఒక రోజు తప్పితే, తెగిన వరుసను డబ్బుకు అతికిస్తున్నాయి. చేయని సాధన చేసినట్టు లెక్కలోకి వస్తుంది! ఓటమిని కొని చెరిపేసుకునే అలవాటు మనకు ఇంత చౌకగా ఎవరు నేర్పారో, వారి ఆదాయం చూస్తే తెలుస్తుంది. చవకైనది అలవాటే, మనం కట్టేది కాదు.

నిన్న రాత్రి నెమెసిస్ అనే బాస్ చేతిలో మళ్లీ పోయాను. తెర నల్లబడింది. ఏ ధరా కనిపించలేదు, ఏ గడియారమూ తిరగలేదు. వాన, కూలిన నౌక. సెలీన్ లేచి నిలబడింది, చేతిలో మొదటి పిస్తోలు.