పిడుక్కీ బియ్యానికీ మా బావ మంత్రం ఒక్కటే: ‘ఏం కాదులే’

బట్టలింకా ఆరలేదు, అప్పుడే ఇది రాస్తున్నా. వణుకు చలికి కాదు, మా బావ మీద కోపానికి.

పైకప్పు లేని చిన్న పడవ, చెరువు నడిమధ్యలో చేపలు పడుతూ ఇద్దరం. నల్లగా కమ్ముకొచ్చింది. మెరిసింది. లెక్కపెట్టా, 20 దాటకముందే ఉరిమింది. ధ్వనికి కిలోమీటరుకు 3 సెకన్లు, అంటే 7 కిలోమీటర్లు కూడా లేదు. మబ్బుకి 15 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు, ఆ లెక్కన అది మా నెత్తి మీదున్నట్టే. అసలు ఉరుము చెవినపడిందంటేనే ఆలస్యమైనట్టు. "బావా, ఒడ్డుకి పోదాం" అన్నా. "ఏం కాదులే, ఇప్పుడే బెండు కదులుతోంది" అన్నాడు. గంటన్నరగా కదలని బెండు! కదిలింది గాలికి!

చుట్టూ నీళ్లేగా, అక్కడ అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదేంటి? నిలబడ్డ మా బావ. ఆయన చేతిలో పైకెత్తిన కార్బన్ ఫైబర్ రాడ్. కార్బన్‌లో కరెంటు పారుతుందయ్యా అంటే కాళ్లు చూపించాడు, రబ్బరు చెప్పులట! కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చేది అరంగుళం రబ్బరు చూసి భయపడి వెనక్కి పోతుంది కాబోలు. పైగా నాకు సలహా: "నీ ఫోన్ ఆపు, పిడుగుని లాగుద్ది." ఫోన్ లాగదు మహానుభావా, పిడుగు ఎత్తు చూసుకుంటుంది!

అమెరికాలో రాయ్ సలివన్ అని ఒక పార్క్ రేంజర్ ఉండేవాడు. 1942 నుంచి 1977 దాకా ఏడుసార్లు పిడుగు తగిలింది. ఏడోసారి ఏం చేస్తున్నాడంటారా? చేపలు పడుతున్నాడు. ఈ కథ చెబితే మా బావ ఏమన్నాడో తెలుసా? "చూశావా, ఏడుసార్లూ బతికాడు!"

చివరికి నేనే రాడ్లు పడుకోబెట్టి, ఆయన్ని పడవ మధ్యలో వంగి కూర్చోబెట్టి, నీళ్లలో చెయ్యి పెట్టొద్దని అరిచి ఒడ్డుకి తెచ్చా. కార్లో దూరి అద్దాలెక్కించాం. "టైర్లు రబ్బరుగా, అందుకే సేఫ్" అన్నాడు. వదలడుగా ఆ రబ్బరుని! కాపాడేది చుట్టూ ఉన్న ఇనుప రేకు. పిడుగు దాని మీంచే నేలలోకి పోతుంది.

అప్పుడు పెద్ద త్యాగిలా, "ఒకవేళ నాకు తగిలినా నువ్వు ముట్టుకోకు, నీకూ షాక్ కొడుద్ది" అన్నాడు. కొట్టదు. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు నిలవుండదు, గుండె ఆగితే వెంటనే ఛాతీ నొక్కాలి. నొక్కుతా బావా, తప్పకుండా నొక్కుతా. ముందు నా రాడ్ సంగతి తేల్చు.

అవును, ఆ కార్బన్ రాడ్ నాదే! మూడేళ్ల కిందట "రెండ్రోజుల్లో ఇస్తా" అని పట్టుకెళ్లాడు. కొస విరగ్గొట్టి టేపు చుట్టాడు. అడిగితే "ఏం కాదులే." రీల్ తుప్పు పట్టించాడు. "ఏం కాదులే." నా లైఫ్ జాకెట్ దిండుగా వాడుకున్నాడు. అప్పుడూ అదే. ఇవాళ పిడుక్కీ అదే మంత్రం. ఇంటికెళ్లి అక్కతో ఏం చెప్పాడంట? "మీ తమ్ముడి పిరికితనం వల్ల ఖాళీ చేతులతో వచ్చాం" అని!

ఇది రాస్తుండగానే మెసేజ్ పెట్టాడు: "తెరిపిచ్చింది, మళ్లీ పోదామా?" ఆఖరి ఉరుము విని పది నిమిషాలు కూడా కాలేదు. 30 నిమిషాలు ఆగాలి అని పెట్టా. చూసి వదిలేశాడు.

రాడ్ ఎప్పుడిస్తావని కూడా పెట్టా. అది చూడనే లేదు.