పశువు ఈసుకుపోతే పనివాడికీ ముప్పే

చూలు ఆవు ఏడో నెలలోనే ఈసుకుపోయింది, అంటే దాని గర్భం పోయింది. మాయ సగం వేలాడుతోంది. పనివాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగేశాడు, అదే చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. యజమాని దిగులంతా పోయిన దూడ గురించీ, రాని పాల గురించీ. రెండు మూడు వారాలకు పనివాడికి జ్వరం వస్తే, దానికీ ఆ రోజుకీ ముడిపెట్టి చూసేవాళ్లు ఉండరు.

పశువుల నుంచి మనుషులకు వచ్చే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు పశువుల దగ్గర పనిచేసేవాళ్లకు ఎక్కువగా ఇలాగే అంటుకుంటుంది. ఈసుకుపోయిన పశువు మాయలో, ఉమ్మనీటిలో ఈ క్రిములు కోట్లలో ఉంటాయి. చేతి మీద చిన్న గీత చాలు. కంట్లో పడ్డా, కాచని పాలు తాగినా అంతే. సాయంత్రానికి జ్వరం ఎక్కి, రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, తెల్లారేసరికి తగ్గినట్టుంటుంది. నడుమూ కీళ్లూ పీకేస్తాయి, మగవాళ్లలో కొందరికి వృషణాలు వాస్తాయి. జ్వరం అనగానే టైఫాయిడ్ అనో మలేరియా అనో మందులు వాడేసి నెలలు గడిపేస్తారు. అసలు చికిత్స రెండు రకాల యాంటీబయాటిక్స్ కలిపి ఆరు వారాలు. జ్వరం తగ్గగానే పనిలోకి పరుగెత్తేవాడు, మానితే కూలి పోయేవాడు, అన్నాళ్లు మాత్రలు మింగుతాడా? మధ్యలో ఆపేస్తే రోగం మళ్లీ తిరగబెడుతుంది.

పశువుల నుంచే వచ్చే క్యూ ఫీవర్ అనే జబ్బుది మరో దారి. మేకలు, గొర్రెలు ఈనేటప్పుడు పడిన క్రిమి ఎండి, దుమ్ములో కలిసి గాలితో పోతుంది. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 మధ్య 4 వేల మందికి పైగా దీని బారిన పడ్డారు. వాళ్లలో చాలామంది మేకను ముట్టుకున్నవాళ్లే కాదు. అంతకుముందే అక్కడి పాడి మేకల ఫారాల్లో మేకలు వరసగా ఈసుకుపోతూ వచ్చాయి. 1998-99లో మలేషియాలో పందుల ఫారాల పనివాళ్లకు మెదడువాపు వస్తే, మొదట దోమల వల్ల వచ్చేదేమో అనుకున్నారు. అది పందుల నుంచి వచ్చిన నిపా వైరస్ అని తేలేసరికి ఆలస్యమైపోయింది, వంద మందికి పైగా చనిపోయారు.

ఇంత జరిగినా మనం ఇచ్చే సలహా ఒకటే: చేతులు సబ్బుతో కడుక్కోండి. మంచిదే. కానీ నడిరాత్రి కొట్టంలో ఆవు ఈనలేక అల్లాడుతుంటే గ్లవ్స్ ఎక్కడున్నాయో వెతికేదెవరు? అవి కొని తలుపు పక్కనే వేలాడదీయాల్సింది యజమాని. బ్రూసెల్లోసిస్‌కు మనుషులకు వాడుకలో టీకా లేదు, పశువులకు ఉంది. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో వేయిస్తే పెద్దయ్యాక ఈ జబ్బుతో చాలావరకు ఈసుకుపోవు. పనివాడికి అంతకు మించిన రక్షణ నాకు కనిపించడం లేదు. (అది బతికున్న క్రిమితో చేసిన టీకా, వేసేటప్పుడు సూది తమకే గుచ్చుకుని జబ్బు తెచ్చుకున్న పశువైద్యులూ ఉన్నారు.)

డాక్టరు వైపు నుంచి కావలసింది ఇంకా చిన్నది. జ్వరంతో వచ్చినవాణ్ని ఎన్నాళ్ల నుంచి అని అడిగాక, “పశువుల దగ్గర పని చేస్తావా? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?” అని కూడా అడగాలి. అవునంటే రక్తపరీక్ష రాయాలి.